మ్యూనిక్‌లో చిన్ననాటి స్నేహితురాలు, మధ్యలో ఒక్క శని ఆదివారం: ఊళ్లు తిరగాలా, కూర్చుని మాట్లాడుకోవాలా?

గోదారి_పిల్ల

జూన్‌లో ఆఫీసు పని మీద స్టుట్‌గార్ట్ వెళ్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నంతో పని అయిపోతుంది. సోమవారం పొద్దున మ్యూనిక్ నుంచి తిరుగు విమానం. మధ్యలో శని, ఆదివారాలు మ్యూనిక్‌లో ఉండే నా స్నేహితురాలి ఇంట్లో ఉంటాను.

తనూ నేనూ రాజమండ్రిలో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. పాత హేవలాక్ వంతెన మీద రైళ్లు ఆపేసిన 1997లోనే మా పదో తరగతి అయింది. సాయంత్రం ట్యూషన్ ఎగ్గొట్టి గట్టు మీద కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ వంతెన మీద వెళ్లే బండి ఏదో చెప్పుకునేవాళ్లం. 1999లో ఇంటర్ అవగానే వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. ఏడాది పాటు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. మూడేళ్ల క్రితం స్కూలు వాట్సాప్ గ్రూపులో మళ్లీ దొరికింది. ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం కానీ మనిషిని చూసి 26 ఏళ్లు దాటింది.

నిన్న తను ప్లాన్ పంపింది. శనివారం పొద్దున ఐదున్నరకి లేచి కార్లో నోయిష్వాన్‌స్టైన్ కోట, అక్కడి నుంచి లిండర్‌హోఫ్ కోట, సాయంత్రం మ్యూనిక్ నడిబొడ్డున మరియెన్‌ప్లాట్స్ కూడలి. ఆదివారం ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్, తిరిగొచ్చేటప్పుడు కీమ్‌సే సరస్సు. గంట గంటకీ రాసి పెట్టింది. భోజనానికి నలభై నిమిషాలు.

ఎంతో ప్రేమగా చేసిందని తెలుసు. కానీ నేను వెళ్తున్నది కోటలు చూడటానికి కాదు. ఆ మాట తను నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి? ఇంకో సందేహం: నాది సింగిల్ ఎంట్రీ వీసా. ఆస్ట్రియా వెళ్లి జర్మనీకి తిరిగి రావచ్చా?


ఇసార్_గట్టు

ముందు వీసా సంగతి. రెండూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు. సింగిల్ ఎంట్రీ అయినా సాల్జ్‌బర్గ్ వెళ్లి రావచ్చు, అది కొత్త ఎంట్రీ కింద లెక్కకు రాదు. కానీ పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, జిరాక్స్ పనికిరాదు. ఆస్ట్రియా నుంచి వచ్చే రైళ్లలో జర్మన్ పోలీసులు తనిఖీ చేస్తూ ఉంటారు.


బెజవాడ_బండి

ఆవిడ వేసిన ప్లాన్ బాగుంది కదండీ. అంత దూరం మళ్లీ ఎప్పుడు వెళ్తారు? కబుర్లు ఫోన్‌లో చెప్పుకోవచ్చు, కోట ఫోన్‌లో కనపడదు. నేను 2018లో మూడు రోజుల్లో నాలుగు ఊళ్లు చూశాను. అలసట నాలుగు రోజుల్లో పోయింది, చూసినవి మాత్రం గుర్తుండిపోయాయి.


పోరడు_కరీంనగర్

బెజవాడ_బండి గారూ, నేను ఒప్పుకోను. నా సంగతి చెప్తాను.

నా దోస్తు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాడు. ఐదో తరగతి నుంచి కలిసి చదువుకున్నాం. 2019లో నేను ప్రాజెక్టు మీద వెళ్తే ఒక వీకెండ్ దొరికింది. వాడు నయాగరా అన్నాడు. ఒక వైపే దాదాపు 400 మైళ్లు, ఆగుతూ పోతే ఎనిమిది గంటలు. శుక్రవారం ఆఫీసు అవగానే బయల్దేరాం. వాడు స్టీరింగ్ మీద, నేను పక్క సీట్లో, వెనక పిల్లలు. జెట్‌లాగ్‌తో నేను నిద్ర. శనివారం జలపాతం, పడవ, నీలం రెయిన్‌కోటు, రాత్రి రంగు లైట్లు. ఆదివారం మళ్లీ ఎనిమిది గంటలు. ఈసారి వాడికి నిద్ర వస్తోందని నేను ఆపకుండా ఏదో ఒకటి వాగుతూ కూర్చున్నాను.

నయాగరా గొప్పది, కాదనను. హార్స్‌షూ దగ్గర నిలబడితే ఆ చప్పుడుకి ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ రెండు రోజుల్లో వాడు నాతో చెప్పిన ఒక్క మాట కూడా ఇప్పుడు గుర్తు లేదు. వాడి ఉద్యోగం పోయి అప్పటికి నెల అయిందట. నేను ఇండియా వచ్చిన తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది. నా పక్కనే పదహారు గంటలు కూర్చున్నాడు, చెప్పలేదు. చెప్పే సందు నేను ఇవ్వలేదు.


సీతమ్మవాకిలి

పోరడు గారూ, చదివి మనసు బరువెక్కింది. వెనక పిల్లలు ఉంటే ఎవరైనా ఎలా చెప్తారు? మీ తప్పు అనుకోకండి.

గోదారి_పిల్ల, వాళ్ల ఇంట్లో ఎవరెవరు ఉంటారు?


గోదారి_పిల్ల

తను, వాళ్లాయన, ఇద్దరు పిల్లలు. పాపకి 12, బాబుకి 8. రెండు గదుల ఫ్లాట్. పాప గది నాకు ఇస్తారట.


ఇసార్_గట్టు

పన్నెండేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. వచ్చినవాళ్లని తిప్పే వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి.

మన ఊరి నుంచి ఒక మనిషి వస్తున్నారంటే రెండు వారాల ముందు నుంచే ఇంట్లో హడావిడి. ఎంత ఖర్చు పెట్టుకుని వస్తున్నారో తెలుసు కాబట్టి, ఒక్క గంట వృథా అయినా మన తప్పే అనిపిస్తుంది. ఇంట్లో కూర్చోబెట్టి పప్పన్నం పెడితే 'ఇంత దూరం వచ్చి ఏం చూశాం' అనుకుంటారేమో అని టెన్షన్. ఇక్కడ ఆదివారం షాపులు కూడా మూసేస్తారు, మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలో మరీ ఖచ్చితం. సరుకులన్నీ శనివారం రాత్రి ఎనిమిది లోపే తెచ్చుకోవాలి. రాత్రి పదింటి తర్వాత ఫ్లాట్‌లో గట్టిగా నవ్వినా కింది వాళ్లు తలుపు కొట్టవచ్చు. మన ఇళ్లలో లాగా డాబా మీద చాప వేసుకుని తెల్లవార్లూ మాట్లాడుకునే వీలు ఇక్కడ లేదు. అందుకే బయటికి తీసుకెళ్తాం.

నేను నోయిష్వాన్‌స్టైన్ ఇప్పటికి పద్నాలుగు సార్లు వెళ్లాను. ఒక్కసారి కూడా నా కోసం వెళ్లలేదు. మీ స్నేహితురాలు కూడా అంతే అయి ఉంటుంది. ఆవిడకి ఏది ఇష్టమో, ఏది ఇంకా చూడలేదో అడిగి చూడండి.


రైలు_పిచ్చి

పైన అందరూ చూడటం ఒకటి, మాట్లాడటం ఇంకొకటి అన్నట్టు రాస్తున్నారు. కార్లో వెళ్తే అది నిజం. రైల్లో వెళ్తే నిజం కాదు.

కార్లో ఒకరు రోడ్డు చూస్తారు, ఒకరు జీపీఎస్ చూస్తారు. రైల్లో ఎదురెదురు సీట్లు, మధ్యలో చిన్న బల్ల, కిటికీ. మ్యూనిక్ నుంచి నోయిష్వాన్‌స్టైన్ కోట దగ్గరి ఊరు ఫ్యూసెన్‌కి రెండు గంటలు, రానూ పోనూ నాలుగు. నాలుగు గంటలు ఎదురుగా కూర్చుని ఎవరూ లేపకుండా మాట్లాడుకోవడం ఇంట్లో కుదురుతుందా?

బయర్న్ టికెట్ అని ఉంటుంది, బవేరియా అంతా ఒక రోజు తిరిగే రైలు టికెట్. ఒక టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్లవచ్చు. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచి మర్నాడు తెల్లవారుజాము మూడు దాకా చెల్లుతుంది. మామూలు రోజుల్లో అయితే పొద్దున తొమ్మిది తర్వాతే. ప్రాంతీయ రైళ్లు మాత్రమే, ఐసీఈ లాంటి వేగం బళ్లు ఎక్కకూడదు. సాల్జ్‌బర్గ్ దాకా కూడా చెల్లుతుంది. టికెట్ మీద అందరి పేర్లూ రాయాలి, రాయకపోతే జరిమానా పడుతుంది.


చెరుకురసం

పిల్లలతో వెళ్లేవాళ్లకి కారే నయం రైలు_పిచ్చి గారూ. ఎక్కడైనా ఆపుకోవచ్చు. మేం ఒకసారి టేగెర్న్‌సే సరస్సుకని రైలెక్కి వేరే లోయలో ఉన్న బయ్‌రిష్‌సెల్‌లో తేలాం. దారిలో హోల్జ్‌కిర్షెన్ దగ్గర రైలును విడదీస్తారని మాకు తెలియదు. ముందు పెట్టెలు ఒక దారి, వెనక పెట్టెలు ఒక దారి. అనౌన్స్‌మెంట్ జర్మన్‌లో వచ్చింది. మా బాబు మాత్రం ఇప్పటికీ అదే మా బెస్ట్ ట్రిప్ అంటాడు.


రైలు_పిచ్చి

పెట్టె మీద ఏ ఊరో రాసి ఉంటుందండీ! కానీ మీ బాబుతో ఏకీభవిస్తున్నాను.


బెజవాడ_బండి

సరే, రైలు ఒప్పుకున్నా. కానీ కోట మాత్రం మానవద్దు. మ్యూనిక్ దాకా వెళ్లి ఆ కోట చూడకుండా రావడం అంటే తిరుపతి వెళ్లి దర్శనం చేసుకోకుండా కొండ దిగిరావడమే.


ఎమ్మెస్_బ్యాచ్

అక్కా, జూన్ శనివారం కోట లోపలికి టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. లోపలికి గైడ్‌తోనే పంపుతారు, టికెట్ మీద టైమ్ ఉంటుంది, ఆ టైమ్ దాటితే టికెట్ పోయినట్టే. కింద హోహెన్‌ష్వాంగౌ ఊరి నుంచి పైకి అరగంట నుంచి నలభై నిమిషాలు ఎక్కాలి. లోపల టూర్ దాదాపు అరగంట, అంతే. ఫోటోలు తీయనివ్వరు. అందరి ఫోన్లలో ఉండే ఫోటో మరియెన్‌బ్రూకె వంతెన మీద నుంచి తీసేది, దానికి టికెట్ అక్కర్లేదు.

మా ఫ్రెండ్స్ నలుగురం బుక్ చేయకుండా వెళ్లి బయటి నుంచే చూసి వచ్చాం. బాధ కలగలేదు.


ఇసార్_గట్టు

ఆ కోట కథ కూడా తెలుసుకుని చూస్తే బాగుంటుంది. బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో కట్టడం మొదలుపెట్టాడు. పూర్తి కాకుండానే 1886 జూన్ 13న స్టార్న్‌బెర్గ్ సరస్సులో శవమై తేలాడు. ఎలా పోయాడో ఈ రోజుకీ తేలలేదు. ఒంటరిగా ఉండటానికి కట్టుకున్న ఇల్లు అది. ఆయన పోయిన ఏడు వారాలకే జనం చూడటానికి తెరిచేశారు. 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, ఇప్పుడు రద్దీ ఇంకా పెరిగింది.


సీతమ్మవాకిలి

ఒంటరిగా ఉండాలని కట్టుకున్న ఇంట్లోకి రోజూ అంతమంది వెళ్తారా. పాపం.


గోదారి_పిల్ల

మీరందరూ రాసింది రెండు సార్లు చదివి, ధైర్యం తెచ్చుకుని రాత్రి తనకి ఫోన్ చేశాను. మోకాలి నొప్పి అని చెబుదామనుకున్నాను. తనతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, నోరు రాలేదు. 'ఇంత తిరగలేనే, నీతో కూర్చోవాలని ఉంది' అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నొచ్చుకుందనుకున్నాను. తర్వాత తను అన్న మాట ఇది: 'నాకూ భయంగానే ఉందే. ఫోన్‌లో అయితే పెట్టేయొచ్చు. ఇంట్లో ఎదురుగా కూర్చుంటే మాటలు లేక ఇబ్బంది పడతామేమోనని ప్రతి గంటా నింపేశాను.'

నాకు ఆ భయం లేదని అనలేను. 26 ఏళ్లు తక్కువా?

ఇసార్_గట్టు గారు చెప్పినట్టే, ఇంకా ఏం చూడలేదని అడిగాను. మ్యూనిక్ వచ్చి తొమ్మిదేళ్లయిందట, కోనిగ్‌సే సరస్సు చూడలేదట. వచ్చినవాళ్లందరూ కోటే అడుగుతారట. కోటకి చూస్తే శనివారం పొద్దుటి టికెట్లు అప్పుడే అయిపోయాయి. కోనిగ్‌సే ఎలా ఉంటుంది? మా ఇద్దరికే వీలుపడుతుంది, వాళ్లాయన పిల్లల్ని చూసుకుంటానన్నారు.


ఎమ్మెస్_బ్యాచ్

కోనిగ్‌సే! వెళ్లండి అక్కా, ఇంకేం ఆలోచించకండి.

దాదాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం చాలా తక్కువ. రెండు వైపులా నిటారు కొండలు నీళ్లలోకి దిగిపోయి ఉంటాయి. ఒడ్డు వెంట రోడ్డు లేదు, పడవలోనే వెళ్లాలి. అవి 1909 నుంచీ కరెంటు పడవలే, చప్పుడు ఉండదు, పొగ ఉండదు. మధ్యలో ఒక చోట ఆపి, పడవ ఆయన బాకా ఊదుతాడు, కొండ తిరిగి పాడుతుంది. అరగంట దాటాక సంక్ట్ బార్తొలొమే అని ఎర్ర గుమ్మటాల చర్చి వస్తుంది. వెనక వాట్స్‌మాన్ శిఖరం, 2713 మీటర్లు. చాలామంది అక్కడే దిగి వెనక్కి వచ్చేస్తారు. మీరు చివరి దాకా, సాలెట్ దాకా టికెట్ తీసుకోండి. అక్కడి నుంచి పావుగంట నడిస్తే ఓబర్‌సే అని ఇంకో చిన్న సరస్సు. నిజంగా అద్దమే.

ఒక్కటే జాగ్రత్త. సాలెట్ నుంచి ఆఖరి పడవ టైమ్ దిగగానే బోర్డు మీద చూసుకోండి. అది తప్పితే రాత్రికి కొండల మధ్యే.


రైలు_పిచ్చి

మ్యూనిక్ నుంచి ఫ్రైలాసింగ్, అక్కడ మారి బెర్చ్‌టెస్‌గాడెన్, స్టేషన్ బయట 841 నంబరు బస్సు. మొత్తం మూడు గంటలు వేసుకోండి. అదే బయర్న్ టికెట్. శనివారం కదా, పొద్దున ఏడు లోపు బయల్దేరకపోతే పడవ దగ్గర పెద్ద లైన్ ఉంటుంది. మూడు గంటలు వెళ్లడానికి, మూడు గంటలు రావడానికి. మీకు కావలసింది అదే కదా.


బెజవాడ_బండి

కొండల మధ్య పడవ... ఇది మన పాపికొండలు కాదూ?


పోరడు_కరీంనగర్

పాపికొండల బోటులో మైకు పెట్టి పాటలు వేస్తారు. ఇక్కడ బాకా ఒక్కటే.


సీతమ్మవాకిలి

తిండి సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. నువ్వు శాకాహారివా?

మా అబ్బాయి ఇంటికి మూడు సార్లు వెళ్లాను కాబట్టి చెప్తున్నాను. శాకాహారులకి అక్కడ కేజెష్పెట్స్లే అని చీజ్ వేసిన సేమ్యా లాంటిది దొరుకుతుంది, పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. బరువుగా ఉంటుంది. ఉప్పు అద్దిన బ్రెట్సెల్ రొట్టెలు ప్రతి స్టేషన్లో ఉంటాయి. మంచినీళ్లు కొనక్కర్లేదు, కొళాయి నీళ్లే తాగుతారు. నేను మాత్రం ఎక్కడికి వెళ్లినా పులిహోరే కట్టుకుంటాను.

ఇంకో ముచ్చట. మ్యూనిక్‌లో బీర్ గార్డెన్లు అంటే మొదట్లో నేను లోపలికి రానన్నాను. మా అబ్బాయి బలవంతాన తీసుకెళ్లాడు. తీరా చూస్తే చెట్ల కింద బల్లలు, కుటుంబాలు, పసిపిల్లలు. బట్ట వేయని బల్లల దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తినవచ్చు, తాగేది మాత్రం అక్కడ కొనాలి. అది వాళ్ల పాత సంప్రదాయమట. ఆప్‌ఫెల్‌షోర్లే అని ఆపిల్ రసంలో సోడా కలిపి ఇస్తారు. నేను చింతచెట్టు లాంటి పెద్ద చెట్టు కింద కూర్చుని ఆ రసంతో పులిహోర తిన్నాను. పక్క బల్ల ముసలాయన వాసన చూసి అడిగి మరీ రుచి చూశాడు.


గోదారి_పిల్ల

శాకాహారినే అత్తా. (మీరు 'నువ్వు' అంటుంటే అత్తా అనాలనిపించింది.) తను కరివేపాకు, రెండు రసాల మామిడిపళ్లు తెమ్మంది. తీసుకెళ్లవచ్చా?


ఇసార్_గట్టు

రెండూ వద్దు. యూరప్‌లోకి మామిడి లాంటి తాజా పళ్లు, ఆకులు సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. పాలు, నెయ్యి, పనీర్ కూడా కుదరవు. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. ఆవకాయ, కరివేపాకు పొడి, పూతరేకులు తెచ్చుకోండి. ఆవకాయ మూత చుట్టూ టేపు గట్టిగా చుట్టండి, నా సూట్‌కేసులో 2021 నాటి మరక ఇంకా ఉంది.


చెరుకురసం

ఆత్రేయపురం పూతరేకులా? మ్యూనిక్ అడ్రస్ ఇక్కడ పెట్టకండి, జనం వచ్చేస్తారు.


ఇసార్_గట్టు

ఆదివారానికి ఒక సలహా. సాల్జ్‌బర్గ్ వదిలేయండి. లోకల్ రైలు ఎస్6 ఎక్కితే నలభై నిమిషాల లోపు స్టార్న్‌బెర్గ్. స్టేషన్ మెట్లు దిగితే సరస్సే. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. పైన చెప్పిన రాజు పోయింది ఆ నీళ్లలోనే, బెర్గ్ వైపు నీళ్లలో ఒక శిలువ పాతి ఉంటుంది. లేటుగా లేచి వెళ్లినా పర్లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది.


బెజవాడ_బండి

రెండు రోజులు, రెండు సరస్సులు, కోట లేదు. నా మనసు ఒప్పుకోవడం లేదు కానీ వెళ్లి వచ్చి ఎలా ఉందో రాయండి.


గోదారి_పిల్ల

వెళ్లి వచ్చాను. వారం దాటింది, ఇప్పటికి తీరిక దొరికింది. వివరంగా రాస్తాను.

శుక్రవారం రాత్రి మ్యూనిక్ స్టేషన్లో ప్లాట్‌ఫామ్ చివర నిలబడి ఉంది. దూరం నుంచే నడక పట్టి గుర్తుపట్టాను, కుడి భుజం కాస్త వంచి నడుస్తుంది, పుస్తకాల సంచీ ఇంకా ఉన్నట్టే. దగ్గరికి వచ్చి 'ఏవే, జడేదీ' అంది. అంతే, ఇద్దరం ఏడ్చేశాం. వాళ్ల బాబు భయపడిపోయి వాళ్ల నాన్న వెనక్కి వెళ్లాడు.

శనివారం పొద్దున ఆరున్నరకి రైలెక్కాం. మొదటి అరగంట ఇద్దరం కొంచెం బిగుసుకునే ఉన్నాం. పిల్లల చదువులు, అత్తగారి ఆపరేషన్, ఇంటి లోను. తర్వాత కిటికీలోంచి మంచు ఉన్న కొండలు కనపడ్డాయి. తను హఠాత్తుగా మా లెక్కల మేస్టారు తువ్వాలుతో బోర్డు తుడిచే తీరు చేసి చూపించింది. అక్కడి నుంచి ఇంక ఆగలేదు. ఫ్రైలాసింగ్‌లో దిగాలన్న సంగతే మర్చిపోబోయాం, ఎదురు సీటు పెద్దావిడ సైగ చేసి లేపింది.

కోనిగ్‌సే గురించి ఎమ్మెస్_బ్యాచ్ రాసింది అంతా నిజం. ఒకటి మాత్రం రాయలేదు, ఆ నీళ్ల రంగు. పచ్చ అనాలో నీలం అనాలో తెలియదు. కొండ నీడ పడిన చోట దాదాపు నలుపు. పడవ కదులుతుంటే నీళ్లు పక్కకి తప్పుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎనభై మంది దాకా ఉన్నాం, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పడవ ఆయన బాకా ఊది ఆపాడు. ఒక్క క్షణం ఏమీ రాలేదు. తర్వాత కొండ, మెల్లగా, అదే పాట. తను నా చెయ్యి పట్టుకుంది. మేం హేవలాక్ వంతెన కింద నిలబడి పేర్లు పెట్టి అరిచేవాళ్లం, అది గుర్తొచ్చిందని తర్వాత చెప్పింది. నాకూ అదే గుర్తొచ్చింది.

ఓబర్‌సే ఒడ్డున రాయి మీద కూర్చుని పులిహోర తిన్నాం. మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టి గట్టి వాన. కొండల్లో జూన్ వానలు అలాగే వస్తాయట, చలి కోటు లేకపోతే వణికిపోయేవాళ్లం. వెళ్లేవాళ్లు తప్పకుండా పెట్టుకోండి.

వానకి బస్సు ఆలస్యం అయింది, ఫ్రైలాసింగ్‌లో మ్యూనిక్ రైలు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతి బండి గంటకి. తడి చెప్పులతో బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు అడిగాను, ఉత్తరాలు ఎందుకు మానేశావే అని. ఇన్నేళ్లు నేను అనుకున్నది వేరు. కొత్త ఊరు, కొత్త స్నేహితులు, నన్ను మర్చిపోయిందనుకున్నాను.

తనకి ఆ ఏడాది ఎంసెట్‌లో సీటు రాలేదు. నాకు వచ్చింది. నేను నాలుగు పేజీల ఉత్తరం నిండా కాలేజీ, హాస్టలు, కొత్త కాలిక్యులేటరు గురించి రాశాను. తన ర్యాంకు సంగతి ఒక్క లైను కూడా అడగలేదు. ఆ ఉత్తరానికి జవాబు మొదలుపెట్టి మూడు సార్లు చింపేసిందట. తర్వాత రాయడానికి మొహం చెల్లలేదంది. మొహం చెల్లనిది నాకు. క్షమించమని అడిగాను. 'అప్పుడు మనకి పదిహేడేళ్లే' అంది. ఆ గంట చాలలేదు.

ఆదివారం పదింటికి లేచాం. స్టార్న్‌బెర్గ్ ఒడ్డున పిల్లలు బాతులకి పేర్లు పెట్టుకుంటూ ఆడుకున్నారు. రాజు శిలువ దాకా వెళ్లలేదు, పడవ లైను చూసి మానేశాం. సాయంత్రం సీతమ్మవాకిలి అత్త చెప్పినట్టే చెట్ల కింద బల్ల, ఆప్‌ఫెల్‌షోర్లే. వాళ్ల పాప మా ఇద్దర్నీ చూసి, 'అమ్మా, నువ్వు తెలుగు ఇంత ఫాస్ట్‌గా మాట్లాడతావా' అని అడిగింది.

పోరడు గారూ, ఆ ప్లాట్‌ఫామ్ మీద మీరు గుర్తొచ్చారు.


పోరడు_కరీంనగర్

ఇది చదివి వెంటనే వాడికి ఫోన్ కొట్టాను. అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. 'ఎవరైనా పోయారా' అని లేచాడు. గంటన్నర మాట్లాడుకున్నాం. 2019 సంగతి కూడా అడిగాను. చెప్పాడు.


బెజవాడ_బండి

కోట లేదన్న బాధ నాకు ఇప్పుడు లేదండీ.


రైలు_పిచ్చి

రైలు తప్పిపోయినందుకు ఎవరైనా సంతోషించడం మొదటిసారి చూస్తున్నాను. ఫ్రైలాసింగ్ బెంచీ ఫోటో ఉంటే పెట్టండి.


గోదారి_పిల్ల

ఫోటో తియ్యలేదు. చేతులు ఖాళీ లేవు, ఇద్దరం పూతరేకులు తింటున్నాం.

డిసెంబరులో పిల్లలతో రాజమండ్రి వస్తానంది. నేను ప్లాన్ ఏమీ పంపలేదు. పాపికొండలు మాత్రం తీసుకెళ్లాలని ఉంది. బోటు ఇప్పుడు ఎక్కడ ఎక్కాలి?


చెరుకురసం

దేవీపట్నం వైపు గండిపోచమ్మ గుడి దగ్గర. గోదావరి వరద తగ్గాకే బోట్లు వదులుతారు, డిసెంబరు అయితే ఇబ్బంది ఉండదు. పొద్దున్నే వెళ్లండి. మైకు బోటు కాకుండా చూసుకోండి, ముందే అడిగితే చెప్తారు.


ఇసార్_గట్టు

సీతమ్మవాకిలి గారూ, ప్రయాణం పులిహోర కొలత ఇక్కడ పెట్టండి. వచ్చే నెల మా అన్నయ్య వాళ్లు వస్తున్నారు. పదిహేనోసారి కోటకి వెళ్లాలి, కనీసం తిండి అయినా కొత్తగా ఉండాలి.


సీతమ్మవాకిలి

కొలత చెయ్యే బాబూ. అన్నం కాస్త పలుకుగా వండి, వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, వేడి ఉండగానే పసుపు, నూనె, పచ్చి కరివేపాకు వేసి కలపాలి. చింతపండు గుజ్జు నూనె తేలే దాకా ఉడకనివ్వు, తొందరపడితే సాయంత్రానికి పాడవుతుంది. చల్లారాక తింటారు కాబట్టి ఇంట్లో వేసే దానికంటే ఉప్పూ పులుపూ ఒక పిసరు ఎక్కువ. వేరుశనగపప్పు వేయించి వేరే డబ్బాలో పట్టుకెళ్లి అక్కడ కలుపుకోండి, లేకపోతే మెత్తబడిపోతాయి. ఇంగువ మానవద్దు. ఈసారి కోట దాకా రైల్లో వెళ్లండి, మీ అన్నయ్యని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.